ఐదు పంక్తుల చీటీకి టీక

తెలుగు పండితుణ్ణి కావడం వల్ల నాకొక వ్యసనం అంటుకొన్నది. చేతికి ఏ కాగితం వచ్చినా ముందు ప్రతిపదార్థం, పిదప అన్వయం, ఆ తరువాతనే తాత్పర్యం. పెండ్లి శుభలేఖ అయినా, మందుల చీటీ అయినా ఈ వరుస తప్పదు. 2026 మాఘమాసంలో మా వీధి కేబుల్ నిర్వాహకుని తరఫున వచ్చిన కుర్రవాడు నా చేతిలో ఒక చీటీ పెట్టి వెళ్ళాడు. రసీదు పుస్తకంలోని ఆకు వెనుకవైపు, నీలిసిరాతో, ఐదంటే ఐదు పంక్తులు. ఉన్నది ఉన్నట్లుగా ఇక్కడ దించుతున్నాను.

192.168.14.37
255.255.255.0
192.168.41.1
8.8.8.8
8.8.4.4

పంక్తుల పక్కన పేర్లు లేవు. "మొదటిది ఐపి మాస్టారూ, రెండోది మాస్కు, మూడోది గేట్‌వే, కింద రెండూ డీఎన్‌ఎస్‌లు" అని గుమ్మంలో నిలబడే అప్పజెప్పాడు. తీగను కంప్యూటరు వెనుక గుచ్చి, తెర వైపు చూసి, "ఇదేమిటండీ, విండోస్ కాదా?" అన్నాడు. కాదు నాయనా, లినక్స్ అన్నాను. "దానికి మావాళ్ళు సపోర్టు ఇవ్వరు. విండోస్ వేయించుకొని ఫోన్ చేయండి, రెండు నిమిషాల్లో పెట్టేస్తాను" అని బండి ఎక్కాడు. అతనిని నిందించను. పొద్దుటినుండి ఎన్ని మేడలెక్కి ఎన్ని తీగలు లాగి వచ్చాడో ఆ చెమట పట్టిన చొక్కాయే చెబుతున్నది.

విండోస్ ఎందుకు లేదో చెప్పాలి. నా యంత్రం 2014లో కొన్నది. దానిలోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మోయడానికి ఈ పెట్టె చాలదన్నారు. బజారులోని దుకాణదారు పాత ఇనుముకు ఇచ్చేయమన్నాడు. పెట్టెలో ఏమున్నదో ఆయనకు తెలియదు కదా. చీరాల చుట్టుపక్కల మగ్గాలున్న ఊళ్ళలో, పొలాల గట్లమీద, 1991 నుండి నేనూ, నాకంటె ఎనిమిదేండ్లు పెద్దవారైన ఒక సహోపాధ్యాయులూ కలిసి ఏరుకొన్న మాటలు అందులో ఉన్నాయి. ఆరువేల పైచిలుకు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయపదాలతో ఆరంభించిన మాండలిక వృత్తి పదకోశం చూసి పుట్టిన బుద్ధి ఇది. అంతటి శాస్త్రీయత మాకు లేదు. మాటలు పోతున్నాయన్న దిగులు మాత్రం ఉన్నది.

సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకడు పెట్టెను చూసి, "దీనికేమండీ, నిక్షేపంలా ఉంది" అని డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఎక్కించి వెళ్ళాడు. 1993లో ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి ఆరంభించగా ప్రపంచం నలుమూలలవారు స్వచ్ఛందంగా పోషిస్తూ వస్తున్న వ్యవస్థ అది. యంత్రానికి వయసు మీరింది కనుక, హంగులన్నీ మాని, తేలిక రూపాన్నే అమర్చాడు. అందువల్ల నెట్‌వర్కు సంగతులు నింపడానికి గళ్ళున్న గవాక్షం ఏదీ ఇందులో లేదు. నల్లని తెర, దానిమీద మిణుకుమనే ఒక గీత. ఏమి కావాలన్నా మాటతో అడుగవలసిందే. అప్పటికి మా ఇంటికి తీగ రాలేదు. తీగ వచ్చేనాటికి వాడు బెంగుళూరులో ఉన్నాడు.

చాలా ఇళ్ళలో ఈ ఐదు పంక్తుల గొడవే ఉండదు. యంత్రం మేల్కొనగానే ఇంటిలోని పెట్టెను అడిగి చిరునామా తానే పుచ్చుకొంటుంది. దానిని డీహెచ్‌సీపీ అంటారు. మా వీధి నిర్వాహకుడు పాతకాలపు మనిషి. ఇంటికొక అంకె రాసి ఇచ్చి, అది మీది అంటాడు.

ఇక మా పెద్దాయన సంగతి. ఆయన ఇప్పుడు ఒంగోలులో కుమారుని దగ్గర ఉన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. చేయి వణకడం వల్ల కలం నిలవదు కాని మీటలు నొక్కగలరు. తెరమీద అక్షరాలను బొటనవ్రేలంత పెద్దవి చేసుకొని, మంగళ, గురువారాల్లో మా పదకోశం పుటలు దిద్దుతారు. నేను పెన్‌డ్రైవు జేబులో వేసుకొని బజారుకు పోయి పంపడం, ఆయన దిద్దినది మళ్ళీ అక్కడే దింపించుకొని తేవడం ఎనిమిది వారాలు సాగింది. ఆదివారం దుకాణం మూత. కరెంటు పోతే మూత. ఒకనాడు ఫోనులో, "క అక్షరం పూర్తిచేసి చూసుకోవాలని ఉందోయ్" అన్నారు. మాటలో తొందర ఉన్నది, గొంతులో లేదు. ఇంటికి తీగ వేయించుకొన్నది అందుకే.

కనుక చీటీని బల్లమీద పెట్టుకొని కూర్చున్నాను.

మొదటి పంక్తి. నాలుగు సంఖ్యలు, మధ్య చుక్కలు. ఏ సంఖ్యా 255 దాటదు. ఎందుకు దాటదో మా వాళ్ళకు చెప్పడం బహుసులువు. ఛందస్సులో గురువు, లఘువు అని రెండే కదా. ఎనిమిది అక్షరాల పాదానికి ప్రస్తారం వేస్తే 256 వృత్తాలు వస్తాయి. అది అనుష్టుప్ ఛందస్సు. యంత్రానికీ ఒకటి, సున్న అని రెండే. ఎనిమిది స్థానాలు, 256 అమరికలు. సున్న నుండి లెక్కపెడితే చివరిది 255. అటువంటివి నాలుగు. నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది, మొత్తం 32. చదువరులు గమనించారో లేదో, అది సరిగ్గా ఒక శ్లోకం. తాళపత్రాల కాలంలో లేఖకులు తాము రాసిన మేరను 32 అక్షరాల గ్రంథంతో కొలుచుకొనేవారు. ఆ కొలతే ఇక్కడా ఎదురైతే పరాయి ఊరిలో మేనమామ కనిపించినట్లయింది.

అన్ని శ్లోకాలూ కలిపితే 4,29,49,67,296. భూమిమీది యంత్రాలకు అవి చాలలేదు. అందుచేత కొన్ని వరుసలను ఇంటి వాడుకకు వేరుచేసి, ఎవరి ఇంట్లో వారు స్వేచ్ఛగా వాడుకోవచ్చునని 1996లో నియమం చేశారు. 192.168తో మొదలయ్యేవన్నీ ఆ కోవలోనివే. ఇంటింటా ఒక బుజ్జి, ఒక చిన్ని ఉన్నట్లు ఈ చిరునామాలు లక్షల ఇళ్ళలో ఉంటాయి. ఎవరికీ ఇబ్బంది లేదు. గుమ్మం దాటేటప్పుడు బడి పుస్తకంలోని పేరు తగిలిస్తారు. ఆ పని చేసేది ద్వారం దగ్గరి పెట్టె.

రెండవ పంక్తి నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. మాస్కు అంటే ముసుగు. ముసుగు దేనికి? పెద్దాయన ఉన్న చోట ఇంటిపేరు ముందు, తన పేరు వెనుక అని పిల్లలకు నేర్పేవాళ్ళం. తెలుగువారి పేర్లు అలాగే కదా నడిచేది. ఐపి చిరునామా కూడా తెలుగువారి పేరే. ముందు భాగం ఇంటిపేరు, చివరి భాగం మనిషి పేరు. ఎక్కడ ఒకటి ముగిసి రెండవది మొదలవుతుందో చిరునామాను చూసి చెప్పలేము. సమాసాన్ని ఎక్కడ విరవాలో తెలియని పిల్లవానివలె తికమకపడతాము. రెండవ పంక్తి ఆ విరుపును చూపిస్తుంది. 255 అంటే ఎనిమిదీ ఒకట్లు, గురువులనుకోండి. సున్న అంటే ఎనిమిదీ లఘువులు. 24 గురువులు, వెంట 8 లఘువులు. గురువులున్నంతమేర ఇంటిపేరు. కనుక నా యంత్రం ఇంటిపేరు 192.168.14, దాని పేరు 37. ఆ ఇంట్లో 256 పేర్లు పట్టినా, సున్న ఇంటికే పేరు, 255 అందరినీ ఒక్కసారి పిలిచే కేక. మిగిలిన 254 మనుషులకు. లినక్స్ ఈ రెండవ పంక్తినంతటినీ కుదించి, చిరునామా వెనుక ఒక అడ్డగీత గీసి 24 అని రాస్తుంది. అర్ధమాత్ర తగ్గినా మురిసిపోయే వైయాకరణులు వీరికి బంధువులు.

మూడవది ద్వారం. యంత్రం ఎవరికైనా ఉత్తరం పంపాలంటే ముందు వారి ఇంటిపేరు చూస్తుంది. తన ఇంటిపేరే అయితే నేరుగా ఇస్తుంది. కాకపోతే ఊరూ పేరూ విచారించదు, ద్వారం దగ్గర ఉన్నవానికి అప్పగించి ఊరుకొంటుంది. ఆపైన వాని పని. అమెరికాకు పోవలసినదైనా, అద్దంకికి పోవలసినదైనా అంతే.

నాలుగు, ఐదు పంక్తులు నిఘంటువులు. మనుషులకు పేర్లు గుర్తుంటాయి, యంత్రానికి అంకెలు కావాలి. పేరు చెబితే అంకె చెప్పే కోశం కావాలి. తొలినాళ్ళలో ఆ కోశమంతా ఒక్క జాబితా. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె బృందం దానిని చేతితో పోషించేది; తక్కినవారు దానికి నకళ్ళు తీసుకొనేవారు. పేర్లు పెరిగి ఆ పని పొంగిపోగా, 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఒక్క కోశాన్ని పలువురికి పంచే పద్ధతిని రూపొందించాడు. దానినే డీఎన్‌ఎస్ అంటున్నారు. చీటీలోని ఎనిమిదుల కోశం గూగుల్ వారిది, 2009లో తెరచింది. ఒకటి మూగబోతే అడగడానికి రెండవది. ఇందులో ఒక వింత చూడండి. అంకెల చిరునామాలో ఇంటిపేరు ముందు, మనిషి వెనుక. అక్షరాల పేరులో అది తలక్రిందులు. చిన్నది ముందు, పెద్దది చివర. ఒకే ఇంటిలో తెలుగు పేరూ ఇంగ్లీషు పేరూ కాపురం చేస్తున్నాయి.

ఇంతవరకు ప్రతిపదార్థం. అన్వయం నల్లతెరమీదనే కుదరాలి.

యూనిక్స్ వంశపు వ్యవస్థలలో గ్రంథం పెట్టెలోనే ఉంటుంది. మ్యాన్ అని కొట్టి, ఖాళీ వదలి, ఆజ్ఞ పేరు కొడితే దాని లక్షణం తెరమీదికి వస్తుంది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు 1971 నవంబరులో బెల్ ప్రయోగశాలలో వెలువరించిన తొలి సంపుటం నాటినుండి ఈ పుటలకు ఒకే తీరు: పేరు, సంగ్రహరూపం, వివరణ. అవి చదవడం కష్టమని అందరూ వాపోతారు. బాలవ్యాకరణం చదివినవానికి ఏమంత కష్టమో నాకు తెలియలేదు. చదరపు కుండలీకరణంలో పెట్టినది వైకల్పికం. పెట్టనిది నిత్యం. నిలువుగీతకు ఇరువైపులా ఉన్నవాటిలో ఏదో ఒక్కటే. మూడు చుక్కలుంటే ఎన్నిసార్లయినా. చిన్నయసూరి విభాష అన్న చోట వీరు కుండలీకరణం గీశారు. ఉదాహరణలు మాత్రం సూరికంటె పిసినారితనంగా ఇచ్చారు. అక్కడ నాకూ కొంచెం కోపం వచ్చింది.

ఐపి అడ్రస్ షో అని కొట్టగా రెండు పేర్లు కనిపించాయి. మొదటిది ఎల్ఓ, చిరునామా 127.0.0.1. అది యంత్రం తనతో తాను మాట్లాడుకొనే దారి. తీగ ఉన్నా లేకున్నా ఉంటుంది. రెండవది ఈఎన్‌పీ3ఎస్0. వాకబు చేస్తే వ్యుత్పత్తి తెలిసింది. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, పీ3 అంటే మూడవ బస్సు, ఎస్0 అంటే సున్నా స్థానం. తీగ గుచ్చే రంధ్రం పెట్టె లోపల ఎక్కడ కూర్చున్నదో ఆ చోటునుబట్టి పెట్టిన పేరు. ఈథర్ అన్నది 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ పెట్టిన పేరు. వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతటా ఈథర్ అనే పదార్థం నిండి ఉన్నదని ఒకనాటి భౌతికవేత్తలు నమ్మేవారట. అది లేదని తేలిన తరువాత ఆ పేరు తీగకు మిగిలింది. మన తార్కికులు శబ్దానికి ఆకాశాన్ని ఆశ్రయం చేశారు. ఆ మాటను తెలుగు చేసినవారు ఎవరైనా ఉంటే ఆకాశవల అని చేసి ఉండవలసింది.

ఆజ్ఞకు ముందు సుడో అని చేర్చాలి. యంత్రంలోని పెద్దరికాన్ని ఆ ఒక్క ఆజ్ఞ మేరకు అరువు తెచ్చుకోవడం అది. సంకేతపదం అడిగి, తెరమీద ఒక్క చుక్క కూడా చూపకుండా పుచ్చుకొన్నది. ఐపి లింక్ సెట్ అని రంధ్రాన్ని మేల్కొలిపాను. ఐపి అడ్రస్ యాడ్ అని 192.168.14.37, అడ్డగీత, 24, రంధ్రం పేరు. యంత్రం ఏమీ అనలేదు. ఈ వ్యవస్థకు అదొక సంస్కారం. చెప్పిన పని చేస్తే మౌనం, చేయలేకపోతేనే మాట. ముప్ఫైయైదేండ్లు తరగతి గదిలో నేను కోరుకొన్నదీ ఇదే, దొరకలేదు.

పింగ్ అని మరొక ఆజ్ఞ ఉన్నది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికా దేశపు ఇంజనీరు రాసినది. జలాంతర్గాములలో శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని ఆలకించినట్లు, అవతలి యంత్రానికి ఒక చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చెబుతుంది. ఆసులో కండెవలె అటూ ఇటూ తిరగడమే దాని పని. నా చిరునామానే పలకరించాను. పలికింది.

మూడవ పంక్తి వంతు. ఐపి రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.41.1. ఈసారి యంత్రం మౌనం వీడింది. తరువాతి మజిలీగా చెప్పిన ద్వారం చెల్లదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం.

కేబుల్ కుర్రవానికి ఫోన్ చేశాను. "చెప్పాను కదా మాస్టారూ, లినక్స్ అంతేనండీ. మాకు ఎవరింట్లోనూ ఈ ప్రాబ్లం రాలేదు" అన్నాడు. చీటీ మరొకసారి సరిచూసి చెప్పవయ్యా అన్నాను. "చీటీలో ఏముంటుందండీ, అంకెలేగా" అన్నాడు.

అంకెలే. కాని అంకెలకూ అన్వయం ఉన్నది. యంత్రం అన్న మాటను మళ్ళీ చదివాను. ద్వారం కనబడలేదు అనలేదు, పలకడం లేదు అనలేదు, చెల్లదు అన్నది. తీగ తెగితే అనే మాట కాదు అది. వాక్యంలో కర్తకూ క్రియకూ వచనం కలవకపోతే పండితుడు అనే మాట. రెండవ పంక్తి నా ఇంటిపేరు 192.168.14 అని నిర్ణయించింది. ద్వారం అంటే నేను నేరుగా చేయి చాచి అందుకోగలిగినది. అంటే నా ఇంటిలోనిదే కావాలి. మూడవ పంక్తిలోని ద్వారం ఇంటిపేరు 192.168.41. పొరుగింటి తలుపు తీసుకొని నా ఇంటిలోనుండి బయటికి ఎలా పోతాను? మొదటి రెండు పంక్తులూ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి. మూడవది ఆ రెండింటితోనూ పొసగడం లేదు. దోషం యంత్రంలో లేదు, లినక్స్‌లో లేదు, పాఠంలో ఉన్నది.

మా గురువులు పాఠశోధన చెప్పేటప్పుడు, అర్థం కుదరకపోతే ముందు కవిని అనుమానించకు, లేఖకుణ్ణి అనుమానించు అనేవారు. 14 అనబోయి 41 అన్నది కలం. నవ్వులాట నవ్వుటాల అయినట్లు వర్ణవ్యత్యయం. అయినా ఊహతో దిద్దడం పండితులకు తగదు, ప్రత్యంతరం చూడాలి. సి.పి. బ్రౌన్ దొర ఒక్క కావ్యానికి పలు తాటాకు ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి సరిపోల్పించినది ఊరికే కాదు. మా వెనుకవీధి జిరాక్సు దుకాణానికి కూడా ఇదే నిర్వాహకుని తీగ. చెప్పులు వేసుకొని వెళ్ళాను. దుకాణంలోని అమ్మాయి నా దగ్గర చదివినదే. "ఏం కావాలి మాస్టారూ?" అంటే, మీకిచ్చిన నెట్టు చీటీ ఒకసారి చూపమ్మా అన్నాను. గోడకు, దేవుని పటం కింద, ప్లాస్టిక్కు కాగితంలో అంటించి ఉన్నది. మొదటి పంక్తి 192.168.14.22. మూడవ పంక్తి 192.168.14.1.

ఇంటికి వచ్చి ముందుగా 192.168.14.1ని పలకరించాను. రెప్పపాటులో పలికింది, వేయింట ఒక వంతు క్షణం కూడా పట్టలేదు. ఐపి రూట్ యాడ్ డిఫాల్ట్ వయా అని సరిచేసిన పాఠం కొట్టాను. మౌనం. అంత తియ్యని మౌనం నేను వినలేదు. తరువాత 8.8.8.8. పలికింది. ద్వారం దాటి బయటి లోకం అందినదన్నమాట.

పేరుతో అడిగితే మాత్రం ఆ పేరెవరో తెలియదన్నది. నిఘంటువు ఎక్కడున్నదో నేనింకా చెప్పలేదు కనుక అది న్యాయమే. ఈటీసీ అనే అర లోపల రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే చిన్న దస్త్రం ఉన్నది. నానో అనే రాతపనిముట్టుతో దానిని తెరచి, నేమ్‌సర్వర్ అనే మాట పక్కన నాలుగవ పంక్తి, దాని కింద మళ్ళీ అదే మాట పక్కన అయిదవ పంక్తి రాసి భద్రపరిచాను. పేరు పలికింది.

ఇక్కడ కొత్తవారికి ఒక మాట. నేను ఆజ్ఞలతో చేసినదంతా నీటిమీది రాత. యంత్రం ఆపి తెరిస్తే చిరునామా ఉండదు, ద్వారం ఉండదు. అది కీడు కాదు, మేలు. ఎన్ని ప్రయోగాలు చేసినా తెల్లవారితే పలక తుడిచినట్లే. పాఠం స్థిరపడిన తరువాతనే శాసనం చెక్కించాలి. డెబియన్‌లో ఆ శాసనం చోటు ఈటీసీ అరలో నెట్‌వర్క్ అనే లోపలి అర, అందులో ఇంటర్‌ఫేసెస్ అనే దస్త్రం. ఆటో అని రంధ్రం పేరు. ఐఫేస్ అని రంధ్రం పేరు, ఇనెట్, స్టాటిక్. కింద కాస్త లోపలికి జరిపి అడ్రస్, గేట్‌వే. నాలుగే పంక్తులు. స్టాటిక్ అంటే స్థిరం. దిద్దేముందు పాత దస్త్రానికి ఒక నకలు తీసి పెట్టాను. మూలప్రతిమీద కలం పెట్టకూడదన్నది మాకు ఓనమాలతోపాటు చెప్పిన సంగతి. యంత్రాన్ని ఆపి, మళ్ళీ తెరచి, ఐపి అడ్రస్ షో అంటే 37వ నంబరు మనిషి తన చోట తాను కూర్చొని ఉన్నాడు.

అంతర్జాలం అందలేదని మా ఈడువారు కొందరు ఫోన్లు చేస్తూ ఉంటారు. ముందు నీవు నీవేనా అడుగు, తరువాత గుమ్మం, తరువాత వీధి, చివరకు పేరు అని చెబుతున్నాను. దగ్గరినుండి దూరానికి. ఏ మెట్టు దగ్గర జవాబు ఆగిందో జబ్బు అక్కడ. అంత ఓపిక మాకెక్కడిదయ్యా అంటారు. పంచకావ్యాలకు ప్రతిపదార్థం రాసినవారే ఆ మాట అనడం నాకు నచ్చదు. ఓపిక లేక కాదు. ఇది మన విద్య కాదన్న బెరుకు. ఇంగ్లీషు అక్షరాల వెనుక ఉన్నది అన్వయమే అని తెలిస్తే ఆ బెరుకు ఎందుకుంటుంది?

కేబుల్ కుర్రవానికి ఫోన్ చేసి, మూడవ పంక్తిలో 41 కాదు, 14 అని చెప్పాను. కాసేపు మాటలేదు. "మీ వరుసలో ఇంకో మూడిళ్ళకు అదే రాసిచ్చానండీ. వాళ్ళూ రావట్లేదని గోల చేస్తున్నారు" అన్నాడు. ఆ సాయంత్రమే తిరిగి దిద్దాడట. మరుసటి నెల డబ్బు వసూలుకు వచ్చినప్పుడు, ఆ రెండో లైనుకు అర్థమేమిటి మాస్టారూ అని అడిగాడు. ఇంటిపేరు సంగతి చెప్పాను. గడపమీదే కూర్చొని విన్నాడు. బండి తాళాలు వేలికి తిప్పుకొంటూనే విన్నాడు కాని, విన్నాడు.

ఆ సోమవారం రాత్రి క అక్షరంలో మొదటి నలభై పుటలు ఒంగోలుకు పంపాను. మంగళవారం పది గంటలకల్లా తొమ్మిది పుటలు దిద్దుబాట్లతో తిరిగి వచ్చాయి. ఎనిమిది వారాలలో అంత వేగం ఎన్నడూ లేదు. కండె అనే ఆరోపం దగ్గర మాత్రం ఆయన ఎర్రసిరాతో ఆగిపోయారు. నేను నూలు చుట్టిన కండెను మొదటి అర్థంగా, మొక్కజొన్న కండెను రెండవ అర్థంగా వేశాను. "మగ్గం ముందా, పొలం ముందా? తిరగవేయి" అని రాశారు. మొక్కజొన్న అమెరికా ఖండంనుండి వచ్చిన పంట కనుక ఆ అర్థం మగ్గానికంటె పాతది కాజాలదని బదులు రాశాను. పది నిమిషాలు గడవకముందే జవాబు వచ్చింది: "మొక్కజొన్న సరే. మరి మీ అమ్మమ్మగారి ఊళ్ళో జొన్న కండె అనేవారా, జొన్న కంకి అనేవారా?"

మా అమ్మమ్మ ఊరివారు ఎవరున్నారా అని వెతుకుతున్నాను. పాతపాడు జొన్నచేలలో పనిచేసిన తొంబైయేండ్ల ముసలామె ఒకామె ఉన్నదని చెప్పారు. ఈ గురువారంలోగా వెళ్ళి అడిగి రావాలి.